నాలుగడుగులు వదిలే చిన్నమామ

మొన్న కళ్యాణదుర్గం బస్టాండులో కంబళి భుజాన వేసుకున్న నడివయసు మనిషి ఒకడు నా ముందుకొచ్చి, "నాయన పోయినాడు వదినా" అన్నాడు. ఎవరి నాయనో, ఈ మనిషెవరో నాకు తెలియలేదు. నేను తెల్లబోయి చూస్తుంటే, "మీ చేన్లో గొర్రెలమంద నిలిపేవాడు గదా, ఆయన కొడుకును" అన్నాడు.

"ఎప్పుడప్పా?" అని అడిగాను.

"మాఘం పోయినాక. మంద తోలుకోని వస్తా వస్తా కానుగచెట్టు కింద కూర్చున్నాడు. మళ్ల లేయలే."

ఇంతలో మా బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ మనిషి పోతే నాకు కబురు పెట్టాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదే అని కోపం. కాసేపటికి నాకే అనిపించింది, ఏ చుట్టరికమని కబురు పెడతారు? ఆయన గొర్రెలు కాచుకునే మనిషి. మాది చెనిక్కాయ, అదే వేరుశనగ, పండించుకునే ఇల్లు. మా మామను ఆయన "అన్నా" అని పిలిచేవాడు కాబట్టి నాకు చిన్నమామ అయ్యాడు, అంతే. పేరు తెలియక కాదు. మామ వరసైనవాళ్ల పేరు పలకడం మా కాలంలో లేదు. చిన్నమామ అనే రాస్తాను.

నా పుట్టిల్లు పామిడి. పెన్నలో నీళ్లు ఎప్పుడూ పారకపోయినా ఇసుకలో చెలమ తవ్వితే ఊరేవి. పంతొమ్మిదేళ్లప్పుడు నన్ను కళ్యాణదుర్గం అవతల ఈ ఊరికిచ్చారు. పంతొమ్మిది వందల యాభైల నడుమ మాట. మొదటిసారి ఎండాకాలం ముందు చేను చూసినప్పుడు నాకు దిగులేసింది. ఎర్రమట్టి, రాళ్లు, పైన ఎండ. ఈ నేల మీద మనుషులూ గొర్రెలూ తేళ్లూ తప్ప ఇంకేవీ బతకవని అనుకున్నాను. ఆ మాట చిన్నమామతో అంటే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కండ్లు పామిడిలోనే పెట్టేసి వచ్చినావామ్మా?" అన్నాడు.

పంట ఇంటికొచ్చాక మా చేలన్నీ బోడిగా ఉంటాయి. మాఘం నుంచి తొలి వానల దాకా గొర్రెలవాళ్లు మందలతో వస్తారు. పగలంతా గుట్టల్లో మేపుకొచ్చి, పొద్దు గూకే వేళకు రైతు చేనిలో మందను పడుకోబెడతారు. తెల్లారేసరికి అంతమేరా పెంటికలు పడి ఉంటాయి. అంతకు మించిన ఎరువు మాకు లేదు. ఈ రోజు పడుకున్నచోట రేపు పడుకోవు, పక్కకు జరుగుతాయి. అట్లా పదిహేను, ఇరవై రోజుల్లో చేనంతా చుట్టేస్తాయి. మంద నిలిపినన్నాళ్లు వాళ్లకు సాయంత్రం సంగటి రైతు ఇంటి నుంచే పోవాలి. కొత్తకోడలిని కాబట్టి ఆ గంప నా నెత్తికి ఎక్కింది.

చిన్నమామది పొడుగు శరీరం, బక్కపలచన. ఎంత ఆకలిగా ఉన్నా గంప చూడగానే వచ్చేవాడు కాదు. గాలికి వీపు పెట్టి కూర్చుని, సంగటిముద్ద నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కున్న నీళ్లు కూడా ఉత్త నేల మీద పోయకుండా గట్టు మీద వేపమొక్క దాకా నడిచి దాని మొదట్లో పోసేవాడు. ఆ మొక్క ఎవరు నాటిందీ కాదు, దానంతటది మొలిచింది. మా మామ దాన్ని పీకెయ్యమంటే "నా చెయ్యి కడుక్కునే తావన్నా అది" అనేవాడు.

మంద చేనిలోకి దిగేముందు ఆయన చెప్పులు గట్టు మీద విడిచి, ఒక్కడే చేనంతా అటూ ఇటూ నడిచేవాడు. ఊళ్లో అందరూ అది భూమాత మీద భక్తి అనుకునేవాళ్లు. నేనూ అట్లాగే అనుకుని ఒకసారి మెచ్చుకోలుగా అడిగాను.

"భక్తి లే, ఏం లే. చెప్పులుంటే కాలికి కండ్లుండవు" అన్నాడు.

ఆయన వెతికేది తీతువు గుడ్ల కోసం. తీతువు అంటే మాకు గిట్టదు. ఇంటి మీదుగా కూస్తూ పోతే ఎవరో ఒకరు పోతారని భయం. మా అత్త ఆ కూత వినపడితే పొయ్యిలో ఉప్పురాళ్లు వేసేది. ఆ పిట్ట చెట్టెక్కి గూడు కట్టదు. మాఘం, ఫాల్గుణం దాటి ఎండ ముదిరే రోజుల్లో ఉత్త చేనిలో, రాళ్ల మధ్యనే నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతుంది. మందలు మా చేలల్లో దిగేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండు మూడు వందల గొర్రెలు తొక్కితే ఇంకేముంటుంది? అందుకని చిన్నమామ చేనంతా నడిచేవాడు. పిట్ట ఎక్కడ లేచి అరిచిందో చూసుకుని, గట్టుకు వచ్చి, అది తిరిగి వచ్చి కూర్చునేదాకా కదలకుండా చూసేవాడు. కూర్చున్న చోటికి చుట్టూ నాలుగడుగుల మేర వదిలేసి మందను పడుకోబెట్టేవాడు. ఎవరైనా అడిగితే "నాలుగడుగులే గదా, పోనీ" అనేవాడు. గొర్రెలవాళ్లు ఇంకెవరూ ఆ పని చెయ్యగా నేను చూడలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మొదటి ఏడు తెలియక నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ ఏడు మంద దిగిన నాలుగో రోజు గంప దించి చూస్తే, చేను నడుమ నాలుగు రాళ్లు నాలుగు మూలలా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. మంద వాటికి ఎడంగా ఉంది. పొలంలో రాళ్లు నిలబెట్టి మొక్కడం మా వైపు ఉన్నదే. మంద చల్లగా ఉండాలని గొర్రెలవాళ్లు అమ్మవారిని నిలబెట్టుకున్నారు కాబోలు అనుకున్నాను. నిలబెట్టి పసుపైనా పెట్టకుండా వదిలేశారే, మగవాళ్లకు ఏం తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను.

మరునాడు పొద్దున్నే మంద మేతకు పోయాక, తలకు పోసుకుని, పసుపూ కుంకుమా తీసుకుని చేనికి పోయాను. నేను అడుగు పెట్టగానే తీతువు లేచి నా నెత్తి మీద ఒకటే అరుపు. అమ్మవారి దగ్గర ఈ అపశకునపు పిట్ట ఏమిటని మట్టిగడ్డ తీసుకుని విసిరాను. తగల్లేదు. ఆ రోజు నేను చేసినవాటిలో మంచిది అదొక్కటే. నాలుగు రాళ్లకూ పసుపు పూసి, బొట్లు పెట్టి, మధ్యలో ఇంత కుంకుమ చల్లి వచ్చాను. వచ్చి ఊరుకున్నానా? ఎదురింటి పెద్దమ్మకు చెప్పాను. మధ్యాహ్నానికి నలుగురు ఆడవాళ్లు బయలుదేరారు. మరునాటికి పక్క వీధి వాళ్లు టెంకాయలతో వచ్చారు. ఒకామె తన పాడి ఎనుము చూడి కట్టాలని మొక్కుకుంది. ఆ రెండు రోజులూ చిన్నమామ గొర్రెల మందు కోసం ఊరెళ్లాడు. మందను ఆయన తమ్ముడు చూసుకుంటున్నాడు. ఆ తమ్ముడు కూడా ఎందుకైనా మంచిదని ఒక దండం పెట్టుకున్నాడట.

మూడో రోజు సాయంత్రం నేను గంపతో పోయేసరికి చిన్నమామ రాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎవురు పెట్టినారమ్మా ఈ పసుపు?"

"నేనే చిన్నమామా" అన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"ఈడ కూర్చో. ఏం కనపడతాండాది?"

"రాళ్లు. టెంకాయ చిప్పలు. గులకరాళ్లు."

ఆయన వంగి ఒక గులకరాయి తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని మీద నేను చల్లిన కుంకుమ ఉంది. రాయి బరువు లేదు. అది గుడ్డు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. నేను దానికి జానెడు దూరంలో కూర్చుని పసుపు పూసినా నా కంటికి కనపడలేదు.

"మీరు ఒకరెనక ఒకరు వస్తా ఉంటే అది ఎట్ల కూర్చుంటాది? రెండు దినాల్నుంచి ఎండకు కాగి, రేత్రికి చల్లబడి, పాడైపోయినాయి" అన్నాడు.

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నాలుగు రాళ్లూ పెరికి నాలుగు దిక్కులకు విసిరేసి వచ్చి, నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రాయి పెడితే మీరు మొక్కుతారు. పెట్టకపోతే మావాండ్లు మందతో తొక్కిస్తారు. నేనేం చేసేది, నువ్వే చెప్పు" అన్నాడు.

మరునాడు టెంకాయలతో బయలుదేరిన ఆడవాళ్లకు, అమ్మవారు అలిగి గుట్టెక్కి పోయిందట అని చెప్పి వెనక్కి పంపాను. తిట్టుకుంటూ పోయారు.

ఆ తర్వాతి వసంతాలు రెండూ నాకు బడి చదువులాగా గడిచాయి. గంప దించాక చిన్నమామ కర్రతో దూరం నుంచి చూపించి, "ఆడ ఉండాయి, చూడు" అనేవాడు. ఎంత చూసినా మట్టే కనపడేది. "కోడి గుడ్డు మాదిరి తెల్లగా ఉంటాయని చూడద్దు. నేల యాడ కొంచెం సదురుగా, చేత్తో సర్దినట్ల ఉండాదో చూడు" అనేవాడు. ఒకనాడు ఉన్నట్టుండి కనపడ్డాయి. ఒకసారి కనపడ్డాక ఇక దాగలేదు. ఆ పిట్ట మిట్టమధ్యాహ్నం కుంటకు పోయి, కడుపు ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటుందని కూడా ఆయనే చెప్పాడు. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అట్లా చల్లబరుచుకుంటుందట. నేను నమ్మలేదు. మా కుంట ఎండిన ఏడు, విరిగిన కుండ పెంకులో నీళ్లు పోసి గట్టు పక్కన పెట్టి, చెట్టు చాటున కూర్చున్నాను. పిట్ట వచ్చింది. పెంకులో దిగి, ఒళ్లు కుదించుకుని కడుపు ముంచి, కారుతున్న నీళ్లతోనే పరుగెత్తి పోయి గుడ్ల మీద కూర్చుంది. ఆ సంగతి సాయంత్రం చెబితే చిన్నమామకు సంతోషమైంది. "కోడలికి కండ్లొచ్చినాయి" అని తమ్ముడితో అన్నాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెబితే నవ్వుతారు.

తనవాళ్లతోనూ ఆయనకు పడేది కాదు. గుట్ట మీద ఎండుగడ్డికి నిప్పు పెడితే వానలకు కొత్త గడ్డి బాగా వస్తుందని గొర్రెలవాళ్ల నమ్మకం. చిన్నమామ ఒప్పుకునేవాడు కాదు. "కాలేది గడ్డి ఒగటేనా?" అని అడ్డం పడేవాడు. ఒకసారి ఎవరో పెట్టిన నిప్పు కంబళితో కొట్టి కొట్టి ఆర్పితే, ఆ కంబళికి ఈ చివరా ఆ చివరా బొక్కలు పడ్డాయి. నల్ల ఉన్నినూలుతో తానే కుట్టుకున్నాడు. అయినా మంచి మనిషిగా ఆయనకు ఊళ్లో పేరేమీ లేదు. మొండివాడని పేరు.

మా మామకు చిక్కు వేరే. వానలు పడి చెనిక్కాయ లేచాక చేను చూస్తే, మంద నిలిచినంత మేరా ముదురుపచ్చ. నడుమ నడుమ మాత్రం చాపంత మేర ఎరువు తగలక పాలిపోయిన మొక్కలు. గట్టు మీద నిలబడితే ఆయన నాలుగడుగులు వదిలిన చోట్లన్నీ ఊరందరికీ కనపడేవి.

"ఏమప్పా, నా చేనుకు బొల్లి తెప్పించినావే" అన్నాడు మా మామ.

"నాలుగడుగులే గదన్నా."

"నాలుగడుగులూ నీవి కావు గదప్పా."

అట్లా అంటూనే మళ్లీ ఏడు ఆయన్నే పిలిచేవాడు. చిన్నమామ మందలో జబ్బు గొర్రె ఉండదని, కావలి గట్టిగా ఉంటుందని మా మామకు తెలుసు.

నాలుగో ఏడు తీతువు బండ్లబాట పక్కనే గుడ్లు పెట్టింది. బండి కాస్త పక్కకు తొలిగితే చక్రం కింద పడతాయి. గుర్తు పెట్టక తప్పదు, రాయి పెడితే పసుపు తప్పదు. నేను బాగా ఆలోచించి, ఎవరూ మొక్కనిది ఏదని వెతికాను. అరిగిపోయిన చీపురుకట్ట, తెగిపోయిన నా పాతచెప్పు తీసుకుని తంగేడు కట్టెకు కట్టి ఆ పక్కన పాతాను. కట్టడానికి తాడు లేకపోతే, చిన్నమామ కంబళి కుట్టుకోగా గట్టు మీద పడిన నల్లనూలు వాడాను. సాయంత్రం ఆయన చూసి చాలాసేపు నవ్వాడు. ఆయన అట్లా నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

"దీనికి ఎవురూ టెంకాయ కొట్టర్లే" అన్నాడు.

ఎవరూ కొట్టలేదు. ఆ దరిదాపులకే పోలేదు. బండ్లు కూడా చుట్టు తిరిగి పోయాయి. నా తెలివికి నేనే మురిసిపోతూ ఉంటే, వారం తిరక్కముందే మా ఎద్దు ఒకటి మేత ముట్టక పడిపోయింది. చీపురు, చెప్పు, నల్లనూలు. ఎవరు ముందన్నారో తెలియదు, మా చేనిలో చేతబడి జరిగిందని ఊరంతా ఒకటే మాట. నల్ల ఉన్నినూలు గొర్రెలవాళ్ల దగ్గర తప్ప ఇంకెవరి దగ్గర ఉంటుంది?

మా మామ ఆ కట్టె పెరికి తెచ్చి వాకిట్లో పడేసి చిన్నమామను పిలిపించాడు. పదిమంది చేరారు. నేను తలుపు వెనక ఉన్నాను. మామ ఎదుటికి రావడం, ఆయనతో నేరుగా మాట్లాడడం కోడళ్లకు అప్పట్లో లేదు.

"ఏమప్పా, నీకు నేనేం అన్యాయం చేసినా? నా చేన్లో ఇది కడ్తావా?" అన్నాడు మా మామ.

చిన్నమామ ఆ కట్టెను చూశాడు. తలెత్తి తలుపు వైపు ఒకసారి చూశాడు. నేను అక్కడున్నానని ఆయనకు తెలుసు.

"నూలు మాదేలే అన్నా" అన్నాడు.

అంతే. తానే కట్టానని అనలేదు, కట్టలేదనీ అనలేదు. ఎవరో చెయ్యెత్తారు కానీ మా మామ ఆపి, "పొద్దు గూకేలోగా మంద తోలుకోని పో" అన్నాడు. ఆయన పోయాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే చేతబడి చేసిన కోడలని పుట్టింటికి పంపుతారని భయపడ్డాను. దాన్ని దాచి రాయడం నాకు ఇష్టం లేదు. భయపడ్డాను.

అక్కడితో ఆగినా ఒక రకం. నాలుగు రోజుల్లో మా మామ రాప్తాడు వైపు నుంచి ఇంకొకరి మందను పిలిపించాడు. గుడ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. పిట్ట ఇంకా కూర్చునే ఉంది. కొత్త గొర్రెలాయన అటువైపే తోలుతున్నాడు. గంప దించి ఆయనకు అడ్డంగా పోయాను.

"ఆడికి తోలొద్దన్నా. ఆడ చేతబడి జరిగిండాది" అన్నాను.

"ఎవురు చేసినారమ్మా?"

ఎవరో తెలియదని చెప్పి ఉండొచ్చు. అప్పటికి పిల్లలు లేచేందుకు ఇంకా పన్నెండు, పదమూడు రోజులున్నాయి. ఆయన అనుమానంగా చూస్తున్నాడు.

"మొన్న ఈడ మంద నిలిపినాయన" అన్నాను.

ఆయన మందను ఆ చివరికి తిప్పేశాడు. ఆ మాట తన ఊరికీ, దారిలో ఊళ్లకూ మోసుకుపోయాడు. రోజూ తెల్లవారుజామున పెంకులో నీళ్లు పోసి వచ్చేదాన్ని. ఒక పొద్దున మూడు పిల్లలు లేచి ఉన్నాయి. పుట్టిన పూటే కాళ్లొచ్చి రాళ్ల మధ్య పరుగెత్తుతున్నాయి. తల్లి అరిస్తే ఎక్కడివక్కడ అణిగిపోయి మట్టిలో కలిసిపోతున్నాయి. నాలుగో గుడ్డు లేవలేదు. చెప్పుకోవాలంటే చెప్పాల్సిన మనిషి లేడు. ఆయన పేరు చెడగొట్టి నేను ఆ మూడింటినీ బతికించాను. అది మంచిపనో చెడ్డపనో ఆ రోజు నాకు తేలలేదు.

మూడేళ్లు మా చుట్టుపక్కల ఏ రైతూ చిన్నమామను చేనిలోకి పిలవలేదు. పావగడ వైపు పోయాడని, అక్కడా పిలిచేవాళ్లు లేక బీళ్లలోనే మందను పడుకోబెట్టుకుంటున్నాడని, సగం గొర్రెలు అమ్మేశాడని విన్నాను. మంద నిలిపితేనే గదా సంగటి. ఆ మూడేళ్లూ చేనికి గంప మోస్తూ, కొత్తవాళ్ల మందకు ముందు నడిచి, గుడ్లున్న చోట గంప దించుకుని కూర్చుని కాపాడుకుంటూ వచ్చాను. చెప్పులు మాత్రం గట్టు మీద విడిచేదాన్ని.

ఆయన్ను పంపేసిన మూడేళ్లకు, ఉగాది వెళ్లాక మా ఇంటికి చుట్టం ఒకాయన వచ్చాడు. భోజనాల దగ్గర మా మామ ఆ చేతబడి కథ ఎత్తుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పినప్పుడల్లా కొంచెం పెరిగేది. ఈసారి కట్టెకు కోడి తలకాయ కూడా వేలాడింది. నేను చారు గిన్నెతో తలుపు దగ్గర ఉన్నాను. ఏమయిందో తెలియదు, గిన్నె కింద పెట్టి గడప దాటి వాళ్ల ముందుకొచ్చాను.

"కోడి తలకాయ లేదు మామా. ఆ చెప్పు నాది. కట్టింది నేను" అన్నాను.

ఎందుకు కట్టానో, గుడ్లు ఎక్కడున్నాయో, కొత్త గొర్రెలాయనతో నేనేమన్నానో అంతా చెప్పాను. మా మామ సగం అన్నంలో చెయ్యి కడిగేశాడు.

"మూడేండ్లు నోట్లో ఏం పెట్టుకోని ఉంటివి?"

"భయం మామా."

ఆయన నన్ను తిట్టలేదు, పుట్టింటికీ పంపలేదు. తెల్లారి మొదటి బస్సుకు పోయాడు. ఎక్కడెక్కడ తిరిగాడో మాకు చెప్పలేదు. ఐదో రోజు సాయంత్రం ఊరి బయట గొర్రెల గంటలు వినపడ్డాయి. సంగటి గంప ఎత్తుకుని నేను చేనికి పరుగు లాంటి నడకతో పోయాను.

మంద చిన్నదైపోయింది. చిన్నమామ ఇంకా బక్కచిక్కాడు. మా మామ పక్కనే నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. నలుగురి ముందూ ఏదో అనాలని దారంతా కూడబలుక్కుని ఉంటాడు. చిన్నమామ ఆయన వైపు చూడలేదు. నన్ను చూడగానే రెండడుగులు ముందుకొచ్చి, "పిల్లలు లేసినాయా?" అన్నాడు.

మూడేళ్ల కిందటి పిల్లలు. గంప దించి, "మూడు లేసినాయి చిన్నమామా. ఒకటి మురిగిపోయింది" అన్నాను.

"వేరేవాండ్ల మంద దిగిందంట గదా. ఎట్ల కాపాడుకుంటివి?"

"నీ మీద చెప్పి" అన్నాను. "చేతబడి చేసింది నువ్వేనని చెప్పినా. భయపడి అటు తోల్లేదు."

నేను ఏడుస్తున్నాను.

"మంచిపనే చేసినావు. నేనున్నా అదే చెప్పమందును" అన్నాడు.

తర్వాత కూర్చుని అంతా చెప్పించుకున్నాడు. పెంకులో నీళ్లు ఎవరు పోశారు, పిల్లలు ఏ పక్కకు పోయాయి, ఆ తర్వాతి ఏళ్లలో ఎన్నిచోట్ల పెట్టింది, అన్నీ అడిగాడు. మా మామ నిలబడే విన్నాడు. పొద్దు గుట్ట మీదికి దిగింది. గొర్రెలు గట్టు దగ్గర ఆగి ఉన్నాయి. మా మామ ఇక ఆగలేక, "మంద యాడ నిలపాలప్పా? నీ ఇష్టం, యాడైనా వదిలిపెట్టు" అన్నాడు. ఆయనకు క్షమాపణ అంటే అంతే.

చిన్నమామ లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఈ చేను ఇప్పుడు నాకేం తెలుసన్నా? ఆయమ్మను అడుగు" అన్నాడు.

మా మామ నా వైపు తిరిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగడు.

"యాడ నిలపమంటావమ్మా?" అన్నాడు.

ఉత్తరం గట్టు దగ్గర పిట్ట గుడ్లు పొదుగుతోంది. నేను చెయ్యి చాచి దక్షిణం వైపు చూపించాను. మంద అటు తిరిగింది.